వెబ్‌సైట్‌లో తేదీ, సమయం తప్పు రాకుండా చూపించడం ఎలా?

"ఫారంలో మార్చి 5 ఇస్తే సైట్‌లో మార్చి 4 కనిపిస్తోంది." "నా లాప్‌టాప్‌లో సరిగ్గానే ఉంది, సర్వర్‌లో పెట్టగానే ఐదున్నర గంటలు తేడా వస్తోంది." "అమెరికాలో ఉన్నవాళ్ళకి క్లాసు టైమ్ గంట తేడాగా చూపిస్తోంది, అదీ మార్చి నుంచే." వెబ్ పని నేర్చుకుంటున్నవాళ్ళు, చిన్న సైట్లు నడుపుతున్నవాళ్ళు ఈ మూడూ పదేపదే అడుగుతున్నారు. అందుకే అన్నిటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఇలాంటి తప్పు కనబడగానే చాలామంది ఫార్మాట్ (తేదీని తెరమీద ఏ రూపంలో చూపించాలో) రాసిన లైను దగ్గరికి వెళ్ళి అక్కడ ఐదున్నర గంటలు కలపడమో తీసేయడమో చేస్తారు. తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడ ఉండదు. తేదీని తీసుకునేటప్పుడో, డేటాబేస్‌లో దాచేటప్పుడో జరిగి ఉంటుంది. ఫార్మాటింగ్ చిట్టచివరి పని. దానికి ముందు దశలన్నీ సరిగ్గా ఉంటే అది రెండు లైన్లతో అయిపోతుంది.

ఉదాహరణకి ఒక ఆన్‌లైన్ క్లాసుల సైట్ అనుకుందాం. టీచర్ హైదరాబాద్‌లో ఉంటారు, పిల్లలు విజయవాడలో, డాలస్‌లో, న్యూజెర్సీలో, సిడ్నీలో ఉంటారు. ఇందులో చూపించేవి జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పద్ధతులు. వేరే భాష వాడేవాళ్ళకి కూడా ఈ వరుసే పనికొస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కన్సోల్ తెరవగలిగే బ్రౌజర్. కంప్యూటర్‌లో ఎఫ్12 నొక్కితే చాలు.
- సర్వర్ సెట్టింగ్ చూసే అవకాశం, డేటాబేస్‌లో క్వెరీ నడిపే అవకాశం.
- సరైన జవాబు ముందే తెలిసిన ఒక సమయం. ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దు. "ఇప్పుడు టైమ్ ఎంత" అని ప్రింట్ చేసి చూసుకుంటూ సరిచేసేవాళ్ళకి, తెరమీద వచ్చింది ఒప్పో తప్పో తేల్చుకోవడానికి ఆధారం ఉండదు.

ఆ నమూనా సమయం నేనే ఇస్తాను. కాగితం మీద రాసుకోండి, చివరిదాకా దీంతోనే సరిచూస్తాం:

- హైదరాబాద్‌లో 2026 మార్చి 5, గురువారం, రాత్రి 7:30
- యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం, భారత కాలం కన్నా ఐదున్నర గంటలు వెనక) అదే రోజు 14:00
- డాలస్‌లో అదే రోజు ఉదయం 8:00
- న్యూజెర్సీలో ఉదయం 9:00
- సిడ్నీలో మార్చి 6, శుక్రవారం, 01:00
- 1970 జనవరి 1 యూటీసీ నుంచి సెకన్ల లెక్కలో 1772719200

ఈ ఆరూ ఒకే క్షణానికి ఆరు రూపాలు. సిడ్నీలో తేదీ కూడా మారిపోయింది చూడండి. "టైమ్ మారితే మారనీ, తేదీ మాత్రం ఒకటే కదా" అనుకుని రాసిన కోడ్ అక్కడ దెబ్బతింటుంది.

1. మీ దగ్గర ఉన్నది ఏ రకం తేదీయో తేల్చుకోండి

కోడ్ ముట్టుకునే ముందు ప్రతి తేదీ కాలమ్‌కీ ఈ ప్రశ్న వేసుకోండి.

*జరిగిపోయిన క్షణమా?* ఫీజు కట్టిన సమయం, మెసేజ్ పంపిన సమయం, లాగిన్ అయిన సమయం. ఇవి ప్రపంచమంతటికీ ఒకే క్షణం. యూటీసీలో దాచాలి, చూసేవాళ్ళ ఊరిని బట్టి చూపించాలి.

*ఉత్త తేదీయా?* పుట్టినరోజు, పండగ రోజు, ఫీజు గడువు తేదీ. వీటికి గంటలు, నిమిషాలు, టైమ్‌జోన్ ఏవీ లేవు. ఆగస్టు 15 ఎక్కడి నుంచి చూసినా ఆగస్టు 15గానే కనిపించాలి. వీటిని ఏ టైమ్‌జోన్‌లోకీ మార్చకూడదు.

*రాబోయే రోజుల్లో ఒక ఊరి గడియారం ప్రకారం జరిగేదా?* "ప్రతి గురువారం హైదరాబాద్ టైమ్ రాత్రి 7:30కి క్లాసు" లాంటిది. దీనికి ఆ ఊరి గంట, ఆ ఊరి టైమ్‌జోన్ పేరు రెండూ దాచాలి. యూటీసీ ఒక్కటే దాచితే ఎందుకు చాలదో 7వ మెట్టులో చూద్దాం.

"తేదీ ఒకరోజు వెనక్కి పోయింది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండో రకాన్ని మొదటి రకంగా దాచినందువల్ల వచ్చేవే. పుట్టినరోజు తప్పుగా చూపిస్తే నవ్వి ఊరుకోవచ్చు అనుకోకండి. పరీక్ష దరఖాస్తులో, టికెట్‌లో, ఇన్సూరెన్స్ కాగితంలో అదే తప్పు వస్తే మనిషి ఇబ్బంది పడతాడు.

2. దాచే పద్ధతి సరిచేయండి

క్షణాలను ఐఎస్‌ఓ 8601 రూపంలో పంపించండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, మధ్యలో టి అక్షరం, తర్వాత 24 గంటల సమయం, చివర జెడ్. మన నమూనా అయితే 2026-03-05టి14:00:00జెడ్ (కోడ్‌లో టి, జెడ్ స్థానంలో పెద్ద ఇంగ్లీషు అక్షరాలు పెట్టాలి). చివరి జెడ్‌కి అర్థం "ఇది యూటీసీ" అని. దాని బదులు +05:30 పెట్టి 19:30 రాసినా అదే క్షణం. రెండూ లేకుండా వదిలేయడమే ప్రమాదం. అప్పుడు చదివే ప్రతి ప్రోగ్రామూ తనకి తోచిన టైమ్‌జోన్ అనుకుంటుంది.

మైఎస్‌క్యూఎల్‌లో రెండు కాలమ్ రకాలున్నాయి. టైమ్‌స్టాంప్ రకం మీ కనెక్షన్ టైమ్‌జోన్ నుంచి యూటీసీకి మార్చి దాస్తుంది, తీసేటప్పుడు మళ్ళీ వెనక్కి మారుస్తుంది. డేట్‌టైమ్ రకం ఏమీ మార్చదు, ఇచ్చిన అంకెలే తిరిగి ఇస్తుంది. ఏది వాడినా ఫరవాలేదు కానీ రెంటినీ ఒకే సైట్‌లో కలిపి వాడితే నరకం. నా సలహా: డేట్‌టైమ్ పెట్టుకుని, అందులో ఎప్పుడూ యూటీసీయే రాయండి. టైమ్‌స్టాంప్‌కి ఇంకో పరిమితి కూడా ఉంది. అది 2038 జనవరి 19 దాటి పోలేదు. ఇరవై ఏళ్ళ లోన్ వాయిదాల పట్టిక రాసేవాళ్ళకి ఇప్పుడే అడ్డం వస్తుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్ళు టైమ్‌జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ రకాన్నే ఎంచుకోండి.

పుట్టినరోజుల్లాంటి వాటికి ఉత్త డేట్ రకం. తేదీలను టెక్స్ట్ కాలమ్‌లో 05-03-2026 అని దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలా చేస్తే వరుస పేర్చడం చెడిపోతుంది: ఒకే ఏడాదిలో డిసెంబర్ 1 కన్నా జనవరి 2 తర్వాత వస్తుంది, ఎందుకంటే పోలిక మొదటి అంకెల నుంచి జరుగుతుంది.

3. సర్వర్ ఏ టైమ్‌లో ఉందో కనుక్కోండి

లాప్‌టాప్‌లో బాగుండి సర్వర్‌లో ఐదున్నర గంటలు వెనక్కి పోతే కారణం ఇదే. మీ లాప్‌టాప్ భారత కాలమానంలో ఉంది, అద్దెకి తీసుకున్న సర్వర్లు సాధారణంగా యూటీసీలో ఉంటాయి. సర్వర్‌ది తప్పు కాదు, యూటీసీలో ఉండటమే మంచిది. తన టైమ్‌జోన్ ఏమిటో కోడ్ చెప్పకపోవడమే తప్పు.

మైఎస్‌క్యూఎల్‌లో నౌ, యూటీసీ_టైమ్‌స్టాంప్ అనే రెండు ఫంక్షన్లను పక్కపక్కన సెలెక్ట్ చేయండి. రెండూ ఒకటే అయితే మీ కనెక్షన్ యూటీసీలో ఉంది. ఐదున్నర గంటలు తేడా ఉంటే భారత కాలంలో ఉంది. ఇది లాప్‌టాప్‌లో ఒకసారి, సర్వర్‌లో ఒకసారి చేయండి. చాలామందికి అనుమానం ఇక్కడే తీరిపోతుంది.

పీహెచ్‌పీలో ఏ సెట్టింగూ ఇవ్వకపోతే యూటీసీ అనుకుంటుంది. మొదట్లోనే డిఫాల్ట్ టైమ్‌జోన్ పెట్టే ఫంక్షన్‌తో యూటీసీ అని స్పష్టంగా రాసేయండి. చూపించే చోట మాత్రం ఏషియా/కోల్‌కతాకి (భారత టైమ్‌జోన్ పేరు ఇది) మార్చండి.

పైథాన్ వాడేవాళ్ళకి ఒక మాట. యూటీసీనౌ అనే పాత ఫంక్షన్ ఇచ్చే విలువకి టైమ్‌జోన్ అంటుకుని ఉండదు. 3.12 నుంచి దాన్ని వద్దంటున్నారు. నౌ ఫంక్షన్‌కే యూటీసీ టైమ్‌జోన్ ఇచ్చి వాడండి.

హెచ్చరిక: విలువకి 330 నిమిషాలు చేత్తో కలపడం ఎక్కడ చూసినా తీసేయండి. అలా కలిపితే వచ్చేది భారత కాలం కాదు, ఐదున్నర గంటల తర్వాతి వేరే క్షణం. సర్వర్ అలా కలిపి పంపితే హైదరాబాద్‌లోని బ్రౌజర్ తన వంతుగా ఇంకో ఐదున్నర కలుపుతుంది. రాత్రి 7:30 క్లాసు అర్ధరాత్రి దాటి 1:00కి కనిపిస్తుంది. మీ సైట్‌లో సమయం ఐదున్నర గంటలు ముందుకి పోయిందన్న ఫిర్యాదు వస్తే ఈ రెండు కలపడాలే కారణమని వెంటనే అనుమానించండి.

4. తేదీని చదివేటప్పుడు జాగ్రత్త

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఈ మెట్టులో జరుగుతాయి. కాబట్టి కాసేపు ఆగి చదవండి.

*గీతల గొడవ.* 05/03/2026 అంటే మనకి మార్చి 5. జావాస్క్రిప్ట్ డేట్‌కి ఇదే స్ట్రింగ్ ఇస్తే బ్రౌజర్లు అమెరికా పద్ధతిలో మే 3 అని చదువుతాయి. 13/03/2026 ఇస్తే "ఇన్‌వాలిడ్ డేట్" వస్తుంది. అంటే నెలలో 12వ తేదీ వరకు తప్పు ఎవరికీ తెలియదు, 13న ఒక్కసారిగా సైట్ ఆగిపోతుంది. పీహెచ్‌పీలో ఇంకో చిక్కు ఉంది: స్ట్ర్‌టుటైమ్ ఫంక్షన్ ఏటవాలు గీత ఉంటే నెల ముందు అనుకుంటుంది, అడ్డగీత ఉంటే రోజు ముందు అనుకుంటుంది. ఊహకి వదిలేయకండి. ఏ క్రమంలో ఉందో చెప్పి చదివించే క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ వాడండి.

*ఉత్త తేదీ స్ట్రింగ్.* జావాస్క్రిప్ట్‌లో 2026-03-05 అని మాత్రమే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అదే స్ట్రింగ్‌కి టి పెట్టి 00:00 చేరిస్తే, మీ మెషీన్ లోకల్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఒకే భాషలో రెండు నియమాలు. మొదటి పద్ధతిలో చదివిన పుట్టినరోజు హైదరాబాద్‌లో బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది ఉదయం 5:30 అవుతుంది, రోజు మారదు. డాలస్‌లో మాత్రం మార్చి 4 సాయంత్రం 6:00 అవుతుంది. మీరు ఇక్కడ కూర్చుని ఎంత పరీక్షించినా ఈ తప్పు దొరకదు.

*మన దేశంలోనే దొరికే తప్పు.* ఇది పైదానికి అద్దంలో ప్రతిబింబం. క్యాలెండర్‌లో మార్చి 5 ఎంచుకుంటే లైబ్రరీ మీకు లోకల్ అర్ధరాత్రి డేట్ ఇస్తుంది. మీరు టుఐఎస్‌ఓస్ట్రింగ్ (తేదీని యూటీసీలోకి మార్చి స్ట్రింగ్‌గా ఇచ్చే ఫంక్షన్) పిలిచి మొదటి పది అక్షరాలు కత్తిరించి సర్వర్‌కి పంపుతారు. హైదరాబాద్ అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30. కాబట్టి వెళ్ళేది 2026-03-04. మొదట్లో చెప్పిన "5 ఇస్తే 4 వస్తోంది" అన్న ఫిర్యాదుకి మూలం ఇదే. ఆ కత్తిరింపు మానేసి గెట్‌ఫుల్‌ఇయర్, గెట్‌మంత్, గెట్‌డేట్‌లతో సంవత్సరం, నెల, రోజు విడిగా తీసుకుని, ఒంటి అంకెలకి ముందు సున్నా చేర్చి స్ట్రింగ్ కట్టండి.

అంతకన్నా తేలిక దారి: ఇన్‌పుట్‌కి టైప్ డేట్ పెడితే తెరమీద ఎలా కనబడినా, దాని విలువ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు క్రమంలోనే వస్తుంది. ఆ స్ట్రింగ్‌ని డేట్ ఆబ్జెక్ట్ చేయకుండా అలాగే సర్వర్‌కి పంపేయండి. మార్చాల్సిన అవసరమే లేనప్పుడు మార్చకపోవడం మంచిది.

*నెలల లెక్క.* జావాస్క్రిప్ట్‌లో గెట్‌మంత్ జనవరికి 0 ఇస్తుంది, డిసెంబర్‌కి 11. చూపించేటప్పుడు 1 కలపాలి. గెట్‌డేట్ అంటే తేదీ, గెట్‌డే అంటే వారం (ఆదివారం 0). మన నమూనాకి గెట్‌డేట్ 5, గెట్‌డే 4 ఇవ్వాలి. గెట్‌ఇయర్ జోలికి వెళ్ళకండి, అది 2026కి 126 ఇస్తుంది.

*సెకన్లా, మిల్లీసెకన్లా?* పీహెచ్‌పీ టైమ్ ఫంక్షన్ సెకన్లు ఇస్తుంది, జావాస్క్రిప్ట్‌కి మిల్లీసెకన్లు కావాలి. 1772719200ని నేరుగా ఇస్తే 1970 జనవరి 21 కనిపిస్తుంది. వెయ్యితో గుణించి ఇవ్వండి. సైట్‌లో ఎక్కడ 1970 జనవరి కనబడినా ఈ గుణకారం మర్చిపోయి ఉంటారు, లేదా విలువ ఖాళీగా ఉండి సున్నా అయి ఉంటుంది. దీనికి తిరగేసి, మిల్లీసెకన్లను పీహెచ్‌పీకి ఇస్తే 58 వేలు దాటిన సంవత్సరం వస్తుంది. ఆ తప్పు దాక్కోదు, అదొక్కటే ఊరట.

5. ఇప్పుడు ఫార్మాట్ చేయండి

బ్రౌజర్‌లో దీనికి విడిగా లైబ్రరీ అక్కర్లేదు. ఇంటల్ అనే వస్తువులో డేట్‌టైమ్‌ఫార్మాట్ ఉంది. దానికి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది లొకేల్, అంటే ఏ భాషలో ఏ క్రమంలో చూపించాలో. రెండోది టైమ్‌జోన్, అంటే ఎవరి గడియారం ప్రకారమో. ఈ రెండింటికీ సంబంధం లేదు. లొకేల్ తెలుగు అని పెట్టినంత మాత్రాన సమయం హైదరాబాద్‌ది కాదు. డాలస్‌లోని తెలుగువాళ్ళకి తెలుగు అక్షరాల్లో డాలస్ సమయం చూపించాలి కదా.

టైమ్‌జోన్ పేరు ఎప్పుడూ ఖండం/నగరం రూపంలో ఇవ్వండి: ఏషియా/కోల్‌కతా, అమెరికా/షికాగో (డాలస్‌కి ఇదే), అమెరికా/న్యూయార్క్. ఐఎస్‌టీ అని రాయకండి. ఆ మూడక్షరాలు భారత్‌కే కాదు, ఇజ్రాయెల్‌కి, ఐర్లండ్ వేసవి కాలానికి కూడా వాడతారు. కొన్ని బ్రౌజర్లు మన టైమ్‌జోన్‌ని ఏషియా/కలకత్తా అనే పాత పేరుతో చెబుతాయి. రెండూ ఒకటే, కంగారు పడనక్కర్లేదు. కానీ కోడ్‌లో ఆ పేరుని స్ట్రింగ్‌గా పోల్చి "ఇండియా యూజరా కాదా" అని తేల్చేవాళ్ళు రెండు పేర్లూ చూసుకోవాలి.

24 గంటల పద్ధతి కావాలంటే అవర్12 ఆప్షన్‌కి ఫాల్స్ పెట్టడం అలవాటు. అమెరికా ఇంగ్లీషు లొకేల్‌లో అలా పెడితే అర్ధరాత్రి కొన్నిచోట్ల 24:00 అని వస్తుంది. దాని బదులు అవర్‌సైకిల్‌కి హెచ్23 ఇవ్వండి, 00:00 వస్తుంది.

ఒకే పేజీలో వందల తేదీలుంటే ఫార్మాటర్‌ని ఒక్కసారే తయారుచేసి మళ్ళీమళ్ళీ వాడండి. ప్రతి వరుసకీ కొత్తది చేస్తే పాత ఫోన్లలో పేజీ నెమ్మదిస్తుంది.

సర్వర్ వైపు అక్షరాలతో ఫార్మాట్ రాసే పద్ధతి ఉంటుంది. అక్కడ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ప్రాణం. ఒక్కో భాషది ఒక్కో తీరు:

- పీహెచ్‌పీ: చిన్న ఎం నెల, నిమిషాలకి చిన్న ఐ. నిమిషాల చోట ఎం పెడితే 19:30 కాస్తా 19:03 అవుతుంది. మార్చి నెలంతా ఏ సమయానికైనా నిమిషాలు 03 అనే వస్తుంటే ఇదే తప్పు.
- పైథాన్: చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషాలు.
- మైఎస్‌క్యూఎల్: చిన్న ఎం నెల అంకె, పెద్ద ఎం నెల పేరు, చిన్న ఐ నిమిషాలు. పైథాన్ అలవాటుతో ఇక్కడ రాస్తే నిమిషాల చోట "మార్చ్" అని ఇంగ్లీషులో వచ్చి కూర్చుంటుంది.
- జావా: పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషాలు. సంవత్సరానికి చిన్న వై లేదా చిన్న యూ. పెద్ద వై అంటే వారాల లెక్క సంవత్సరం. ఏడాదంతా సరిగ్గానే కనబడి, 2025 డిసెంబర్ 31కి 2026 డిసెంబర్ 31 అని చూపిస్తుంది. సెలవుల్లో ఉన్నప్పుడు ఫోన్ మోగేది ఇలాంటి తప్పుకే.
- జావాస్క్రిప్ట్ లైబ్రరీల్లో డేజేఎస్: సంవత్సరం, రోజు పెద్దక్షరాలు. డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్: రెండూ చిన్నక్షరాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేవాళ్ళు కాపీ పేస్ట్ చేయకండి.

తేదీల కోసం చాలామంది వాడిన మొమెంట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ 2020 నుంచి నిర్వహణకే పరిమితమైంది. పాత ప్రాజెక్టులో ఉంటే హడావిడిగా తీసేయనక్కర్లేదు, కొత్తదాంట్లో మాత్రం పెట్టకండి. జావాస్క్రిప్ట్‌కి టెంపొరల్ అనే కొత్త ఏర్పాటు బ్రౌజర్లలోకి వస్తోంది. ఉత్త తేదీకి ఒక రకం, క్షణానికి ఒక రకం, టైమ్‌జోన్‌తో కూడిన సమయానికి ఒక రకం అందులో విడివిడిగా ఉన్నాయి. 1వ మెట్టులో మనం చేసిన విభజనే అది. మీ వినియోగదారుల బ్రౌజర్లన్నిటిలో వచ్చేదాకా దానికి పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేని సదుపాయాన్ని సమకూర్చే అదనపు కోడ్) కావాలి.

6. తెలుగులో చూపించాలంటే

లొకేల్‌గా తెలుగు-ఇండియా కోడ్ ఇచ్చి డేట్‌స్టైల్ ఫుల్ పెడితే "5, మార్చి 2026, గురువారం" అని వస్తుంది. తప్పు లేదు గానీ మన పత్రికలు చదివే అలవాటుకి వారం ముందు వస్తే బాగుంటుంది. ఆ స్ట్రింగ్‌ని కామాల దగ్గర విడగొట్టి అతికించకండి, బ్రౌజర్ కొత్త వెర్షన్‌లో కామా మారితే విరిగిపోతుంది. ఫార్మాట్‌టుపార్ట్స్ పిలిస్తే రోజు, నెల, సంవత్సరం, వారం విడివిడి ముక్కలుగా ఇస్తుంది. వాటిని మీకు నచ్చిన వరుసలో పేర్చుకోండి: "గురువారం, మార్చి 5, 2026".

సమయం దగ్గర అసలు చిక్కుంది. తెలుగు లొకేల్‌లో కూడా ఏఎం, పీఎం ఇంగ్లీషు అక్షరాల్లోనే వస్తాయి. డేపీరియడ్ ఆప్షన్ పెడితే ఉదయం, మధ్యాహ్నం లాంటి మాటలు వస్తాయి. కానీ ఏ గంటకి ఏ మాట అన్న విభజన మన నోటి వాడుకతో అన్నివేళలా కలవదు. తెల్లవారుజామున 5కి, సాయంత్రం 5కి ఏం వస్తుందో చూసి నిర్ణయించుకోండి. నేనైతే చిన్న ఫంక్షన్ రాసుకోమంటాను. 24 గంటల పద్ధతిలో గంట తీసుకుని, 0 నుంచి 3 దాకా అర్ధరాత్రి దాటాక, 3 నుంచి 6 దాకా తెల్లవారుజాము, 12 దాకా ఉదయం, 16 దాకా మధ్యాహ్నం, 19 దాకా సాయంత్రం, ఆ తర్వాత రాత్రి. మీ ప్రాంతపు వాడుకని బట్టి అంచులు కాస్త జరుపుకోండి. గంటని మాత్రం చూపించే టైమ్‌జోన్‌లో తీసుకోవాలి, గెట్‌అవర్స్‌తో కాదు. గెట్‌అవర్స్ ఎప్పుడూ మెషీన్ లోకల్ గంటే ఇస్తుంది.

అర్ధరాత్రి విషయంలో మాటలు కూడా జాగ్రత్తగా ఎంచుకోవాలి. కొత్త సినిమా బెనిఫిట్ షో గురువారం తేదీన 1:00కి ఉంటే జనం దాన్ని "బుధవారం రాత్రి షో" అంటారు. టికెట్ మీద "గురువారం రాత్రి 1:00" అని వేస్తే ఒక రోజు ఆలస్యంగా వచ్చేవాళ్ళు తప్పకుండా ఉంటారు. "బుధవారం అర్ధరాత్రి దాటాక 1:00 (గురువారం, మార్చి 5)" అని రెండూ రాయండి. అలాగే గడువుకి "మార్చి 5 రాత్రి 12 గంటల వరకు" అని పెట్టకండి. అది 5 మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా అని సగంమంది ఒకలా, సగంమంది ఇంకోలా చదువుతారు. "మార్చి 5 రాత్రి 11:59 వరకు" అంటే గొడవ లేదు.

తెలుగు అంకెలు కావాలంటే లొకేల్ చివర అంకెల పద్ధతిని తెలుగు అని చేర్చే వీలుంది, ౫ అని వస్తుంది. ఆహ్వాన పత్రికల్లాంటి పేజీలకి అందంగా ఉంటుంది. టికెట్లకి, బిల్లులకి వద్దు, చాలామంది వాటిని వేగంగా చదవలేరు.

"నిన్న", "రేపు" లాంటి మాటలకి ఇంటల్‌లోనే రెలటివ్‌టైమ్‌ఫార్మాట్ ఉంది. న్యూమరిక్‌కి ఆటో పెడితే తెలుగులో మొన్న, నిన్న, రేపు, ఎల్లుండి కూడా ఇస్తుంది. అయితే ఎన్ని రోజుల తేడా అన్నది మీరే లెక్కకట్టి ఇవ్వాలి. అక్కడ 24 గంటలతో భాగిస్తే తప్పు. రాత్రి 11కి వచ్చిన మెసేజ్‌ని మర్నాడు ఉదయం 7కి చూస్తే ఎనిమిది గంటలే అయింది, కానీ అది "నిన్న" వచ్చినదే. రెండు క్షణాలనూ చూసేవాళ్ళ టైమ్‌జోన్‌లో తేదీలుగా మార్చి, ఆ తేదీల తేడా తీయండి.

7. విదేశాల్లో ఉన్నవాళ్ళకి

భారత్‌లో ఏడాదంతా ఒకే కాలమానం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2026లో ఆ మార్చి ఆదివారం 8వ తేదీ. మన క్లాసు మార్చి 5న డాలస్‌లో ఉదయం 8:00కి. తర్వాతి గురువారం 12న అదే హైదరాబాద్ రాత్రి 7:30, డాలస్‌లో ఉదయం 9:00. ఇది తప్పు కాదు, అలాగే రావాలి. తేడా అంకెని (ఉదాహరణకి మైనస్ 6) యూజర్ ప్రొఫైల్‌లో దాచి లెక్కకట్టే సైట్లు మార్చిలో గంట తప్పుతాయి. దాచాల్సింది టైమ్‌జోన్ పేరు. మళ్ళీ అరిజోనాలో చాలా భాగం గడియారాలు జరపదు కాబట్టి "అమెరికా మొత్తానికి గంట కలుపుదాం" అన్నా కుదరదు.

టీచర్ డాలస్‌లో ఉండి "ప్రతి గురువారం నా ఉదయం 8కి" అన్నారనుకోండి. ఏడాది క్లాసులన్నిటికీ ముందే యూటీసీ లెక్కకట్టి 14:00 అని దాచితే, మార్చి 8 తర్వాత ఆవిడకి క్లాసు 9:00కి పడుతుంది. అందుకే 1వ మెట్టులో చెప్పిన మూడో రకం: "గురువారం, 08:00, అమెరికా/షికాగో" అని దాచి, ఒక్కో క్లాసు క్షణాన్ని ఆ తేదీకి విడిగా లెక్కకట్టించండి.

మైఎస్‌క్యూఎల్‌లో కన్వర్ట్_టీజెడ్‌కి నగరం పేరు ఇస్తే నల్ (ఖాళీ విలువ) వస్తోందా? టైమ్‌జోన్ పట్టికలు సర్వర్‌లో నింపలేదన్నమాట. హోస్టింగ్‌వాళ్ళని అడిగి నింపించుకోండి, లేదా ఆ మార్పిడి కోడ్‌లో చేసుకోండి.

సర్వర్‌లో తయారై బ్రౌజర్‌కి వచ్చే పేజీల్లో ఒక ఇబ్బంది ఉంది. సర్వర్ యూటీసీలో ఒక సమయం రాస్తుంది, బ్రౌజర్ లోకల్‌లో ఇంకోటి రాస్తుంది. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవాళ్ళకి రెండూ కలవలేదని హెచ్చరిక వస్తుంది. సర్వర్ వైపు టైమ్‌జోన్ పేరు చెప్పి, ఆ పేరు తేదీ పక్కన కనబడేలా చూపించండి. చూసేవాళ్ళ సమయం కావాలంటే పేజీ లోడ్ అయ్యాక బ్రౌజర్‌లో మార్చండి. ఎలా చేసినా క్లాసు సమయం పక్కన "హైదరాబాద్ సమయం" అనో "మీ సమయం" అనో రాయడం మాత్రం మానకండి. తల్లిదండ్రులకి ఆ రెండు మాటలతో సగం టెన్షన్ తగ్గుతుంది.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ అనే ట్యాబ్ ఉంది. అందులో లొకేషన్ మారిస్తే ఆ పేజీకి టైమ్‌జోన్ కూడా మారుతుంది. నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) అయితే టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి అమెరికా/షికాగో ఇచ్చి ప్రోగ్రామ్ నడపండి. కంప్యూటర్ గడియారం మార్చాల్సిన పనిలేదు.

ముందు మన నమూనా సమయంతో పైన రాసుకున్న ఆరు జవాబులూ రావాలి. అవి వచ్చాక కింది వాటితో చూడండి:

- హైదరాబాద్ టైమ్ మార్చి 5, 02:00. యూటీసీలో ఇది మార్చి 4, 20:30. అర్ధరాత్రి నుంచి 5:30 మధ్య సమయాలతో పరీక్షించకపోతే మన దేశపు తేదీ తప్పులు దొరకవు, ఎందుకంటే మనం పగలే పనిచేస్తాం.
- పుట్టినతేదీ ఒకటి సేవ్ చేసి, టైమ్‌జోన్ షికాగోకి మార్చి తెరవండి, ఏమీ మార్చకుండా మళ్ళీ సేవ్ చేయండి, మళ్ళీ తెరవండి. తేదీ కదలకూడదు. సేవ్ చేసిన ప్రతిసారీ ఒక రోజు వెనక్కి జరిగే సైట్లు ఉన్నాయి.
- 12 లోపు తేదీ ఒకటి, 13 దాటిన తేదీ ఒకటి.
- డిసెంబర్ 31, జనవరి 1, 2028 ఫిబ్రవరి 29.
- జనవరి 31కి ఒక నెల కలిపి చూడండి. జావాస్క్రిప్ట్ సెట్‌మంత్‌తో 2026లో అది మార్చి 3కి పోతుంది. నెలవారీ ఫీజు గడువు కావాలంటే ఫిబ్రవరి చివరి రోజుకి మీరే ఆపాలి.
- మధ్యాహ్నం 12:00, అర్ధరాత్రి 12:00. రెండూ ఒకేలా కనబడితే ఏఎం, పీఎం గుర్తు పడిపోయింది, లేదా 24 గంటల అక్షరం బదులు 12 గంటల అక్షరం రాశారు.
- డాలస్‌కి 2026 మార్చి 5, మార్చి 12. ఒకటి 8:00, రెండోది 9:00 రావాలి.
- ఖాళీ తేదీ. 1970 గానీ "ఇన్‌వాలిడ్ డేట్" గానీ కనిపించకూడదు. ఏమీ లేకపోతే ఒక అడ్డగీత చూపించండి.

ఇవన్నీ ఆటోమేటిక్ టెస్టులుగా రాసిపెడితే, అవే టెస్టులను టీజెడ్ విలువ ఏషియా/కోల్‌కతాగా, యూటీసీగా, అమెరికా/షికాగోగా మార్చి మూడుసార్లు నడపండి. ఒకదాంట్లో పాసై ఇంకోదాంట్లో ఫెయిలైతే, ఆ కోడ్‌లో ఎక్కడో మెషీన్ లోకల్ సమయం మీద ఆధారపడిన లైను ఉంది. ముందు గెట్‌అవర్స్, గెట్‌డేట్, టైమ్‌జోన్ ఇవ్వని టులొకేల్‌స్ట్రింగ్ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి.